దొర మంచానికి గంటె

మా మెట్‌పల్లిలో నా గురించి ఒక మాట తిరుగుతోంది. "రాజం దుబాయి పోయి, వంట చెయ్యమంటే చెయ్యనని తిరిగొచ్చిండట" అని. సైకిళ్లు అద్దెకిచ్చే నా సైకిల్ టాక్సీ దుకాణానికి పంక్చరు కోసం వచ్చేవాళ్లు, నేను ట్యూబు నీళ్లలో ముంచేలోపే ఈ సంగతి తీస్తారు. అందుకే ఇది రాయవలసి వచ్చింది. ముందుగా రెండు తప్పులు దిద్దుతాను. నేను పోయింది దుబాయి కాదు, బహ్రెయిన్. మా గ్రంథాలయంలోని అట్లాసులో పెసరగింజంత కనబడే దీవి. ఇక వంట సంగతి. నేను వంట చేశాను, బాగానే చేశాను. ఒక్క మనిషి వంతు మాత్రం చెయ్యనన్నాను. ఆ మనిషి ఎవరో, ఎందుకు చెయ్యనన్నానో, దానికీ రెండు వందల ఏళ్ల కిందటి ఫ్రాన్సు ప్రభువులకూ సంబంధమేమిటో చెప్పడానికి పంక్చరు వేసేంత సేపు చాలదు.

ఇంకో కారణమూ ఉంది. నేనిది రాస్తున్నానని తెలిసి గ్రంథాలయంలో ఒక రిటైర్డు మాస్టారు నవ్వారు. యాత్ర అంటే కాశీ గురించో, లండను గురించో రాస్తారు గాని కూలీలు పడుకునే గది గురించి రాస్తే ఎవరు చదువుతారని అన్నారు. నేను ఆ గ్రంథాలయంలో యాత్రల బీరువా మొత్తం చదివాను. అలాంటి గది అందులో ఎక్కడా లేదు. లేదు కాబట్టే రాస్తున్నాను.

నా చదువు ఏడో తరగతి. మిగతాదంతా ఆ గ్రంథాలయం పెట్టిన భిక్ష కాదు, నేను సంపాదించుకున్న ఆస్తి. అక్కడ అట్ట ఊడిపోయిన ప్రపంచ చరిత్ర ఒకటుంది. మొదటి సగం చెదలు తినేసింది. అందువల్ల నాకు ప్రపంచం ఫ్రెంచి విప్లవంతో మొదలవుతుంది. డ్యూకులు, మార్క్వీసులు, కౌంట్లు నాకు మా వాడకట్టు మనుషులకన్నా బాగా తెలుసు.

ముహర్రఖ్‌లో దిగడం

మా అక్క మొగుడు గంగారాం బావ బహ్రెయిన్‌లో మేస్త్రీ. నాకు ఒక నెల విజిట్ వీసా పంపించాడు. ఆ నెలలోపు ఏదైనా పని దొరికితే వీసా మార్పించుకుని ఉండిపోవాలి, లేకపోతే తిరుగు విమానం ఎక్కాలి. ఇంతే లెక్క.

విమానాశ్రయం ముహర్రఖ్ అనే చిన్న దీవి మీద ఉంది. అక్కడినుంచి సముద్రం మీద కట్టిన రోడ్డు దాటితే రాజధాని మనామా. చలికాలం. ఎడారి దేశమంటే ఎండ అనుకుని స్వెట్టరు ఇంట్లో వదిలేసి వచ్చాను. సముద్రం మీది గాలికి పళ్లు కొట్టుకున్నాయి. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన బావ తన కోటు నాకు తొడిగాడు. ఆ కోటు సిమెంటు వాసన. నెలంతా ఆ వాసనలోనే తిరిగాను.

దారిలో టాక్సీవాడు, బహ్రెయినీ ముసలాయన, మా ఇద్దరికీ రెండేసి ఖర్జూరాలు ఇచ్చాడు. కిరాయి దగ్గర మాత్రం ఒక్క ఫిల్సు తగ్గించలేదు. అక్కడి దీనారు మన తొంభై రూపాయల పైమాటే. ఏదైనా కొన్న ప్రతిసారీ తొంభైతో గుణించడం మొదటి వారం నా రోగం. చాయ్ తాగినా లెక్కే. బావ విసిగిపోయి, గుణించేవాడు ఇక్కడ బతకలేడని చెప్పాడు.

నయీమ్: ఏడు మంచాలు, ఒక గంటె

నయీమ్ మనామాలో పాత పేట. ఇరుకు సందులు, చవక ఇళ్లు, కింద దుకాణాలు, పైన మనలాంటివాళ్లు. ఒక పాత ఇంటి మేడ మీద బావవాళ్ల గది. ఏడు మంచాలు, ఏడుగురు మనుషులు. వాళ్ల నడుమ నేల మీద నా చాప.

వారానికి ఏడు రోజులు గనక ఒక్కొక్కరికి ఒక్కో రోజు వంట వంతు. ఎవరి వంతు ఎప్పుడో గోడ మీద రాసుకోరు. అన్నం వడ్డించే పెద్ద అల్యూమినియం గంటె ఒకటుంది. ఇయ్యాల వండినవాడు గిన్నెలు తోమి, గంటె కడిగి, రేపు వండవలసినవాడి మంచం కోడుకు తగిలిస్తాడు. డ్యూటీ నుంచి వచ్చినవాడు తన మంచానికి గంటె కనబడితే బట్టలు మార్చుకుని నేరుగా పొయ్యి దగ్గరికి పోవాలి. మాటలుండవు, వాదనలుండవు. ఎంత జ్వరమొచ్చినా గంటె ఆగదు. ఇంత చక్కటి ఏర్పాటు నేను మన పంచాయతీ ఆఫీసులో కూడా చూడలేదు.

గదిలో ముగ్గురి గురించి చెప్పాలి. లింగన్నది మా పక్క తాలూకా, తవ్వకం పని. సూర్నారాయణ గారిది బొబ్బిలి వైపు, కుళాయిలు బిగించే నల్లాల పని, గదిలో ఒక్కగానొక్క ఆంధ్రాయన. మూడో ఆయన నర్సింగరావు. మా అక్కను ఇచ్చిన ఊరి దొర కొడుకు. ఆ ఊరి పేరు రాయను. గడీకి, అంటే ఆ దొరల మేడకు, తాళం పడి చాలా ఏళ్లయింది, భూములు పోయాయి, వాళ్ల నాయన పట్నంలో కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. నర్సింగరావు కూడా మనలాగే ఏజెంటు చేతిలో పడి వచ్చినవాడే. బావ పనిచేసే కంపెనీలోనే స్టోర్ కీపరు. అదే గది, అదే మంచం, అదే గోడకు అదే మేకు. అయినా ఆయన "దొర". బావ అలా పిలిచాడు, బావను చూసి మిగతావాళ్లు అలవాటు పడ్డారు.

మొదటి గురువారం బావ వంతు. కూరగాయలు తరిగి, కూర నేనే వండి సాయం చేశాను. బావ గిన్నెలు తోమాడు, గంటె కడిగాడు, మళ్లీ తన మంచానికే తగిలించాడు. శుక్రవారం ఎవరిదని అడిగాను. దొరదని చెప్పి ఊరుకున్నాడు. శుక్రవారం అంటే సెలవు, కోడికూర, ఇతర గదుల నుంచి వచ్చే చుట్టాలు. వారం మొత్తంలో బరువైన వంతు అదే. అది నర్సింగరావు మంచానిది. చేసేది బావ. వచ్చిన నాటి నుంచీ అలాగేనట.

అక్కడ ఒక మాట కూడా ఆగి ఉంది. నర్సింగరావు స్టోరులో ఒక హెల్పరు కావాలి. ఆయన ఆఫీసులో ఒక మాట చెబితే ఆ చోటు నాకు దొరుకుతుంది. చెబుతానన్నాడు కూడా. రెండు శుక్రవారాలు అలాగే గడిచాక బావ నన్ను మెట్ల మీదికి తీసుకుపోయి మెల్లగా చెప్పాడు.

"వచ్చే శుక్రారం నుంచి ఆ వంతు నువ్వు చెయ్. నాకు నడుం వడ్తలేదు. దొర గూడ సంబురపడ్తడు. నీ పనిగూడ అయితది."



గదిలో బిరుదులు

గదిలో టీవీ లేదు. నేను ఉన్నాను. అన్నాలయ్యాక నేను ఫ్రాన్సు చెప్పేవాణ్ని. ప్రభువుల్లో పైమెట్టు డ్యూకు, ఆ కింద మార్క్వీసు, ఆ తరువాత కౌంటు, వైకౌంటు, అన్నిటికన్నా కింద బ్యారన్. నిజాం కాలంలో మనకు దేశ్‌ముఖు, దేశ్‌పాండే, మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ ఉన్నట్టే. తేడా ఏమిటంటే మన దగ్గర ఒక్కో పేరుకు ఒక్కో పని ఉండేది, ఎంత దోపిడీ అయినా పనే. వాళ్ల దగ్గర చివరికొచ్చేసరికి పని పోయింది, పేరూ, పన్ను మాఫీ మాత్రం మిగిలాయి.

బుస్సీ మార్క్వీసేనని చెప్పగానే సూర్నారాయణ గారు లేచి కూర్చున్నారు.

"ఏ బుస్సీ? మా బొబ్బిలి మీదికొచ్చినోడా?"

ఆయనేనన్నాను. మన దేశంలో గడించిన సొమ్ముతో తన దేశంలో మార్క్వీసు హోదాలో బతికాడని చెప్పాను.

"అయితే మార్క్వీసంటే మాకు బాగానే తెలుసునండి. కోటలు తగలెట్టీసీవోడు. మిగతా మెట్లు చెప్పండి."

ఆ రోజు నుంచి గదిలో బిరుదులు పుట్టాయి. లింగన్న పాత కోట దగ్గర తవ్వుతాడు గనక కోట డ్యూకు. సూర్నారాయణ గారు నల్లాల కౌంటు. మార్క్వీసు ఆయన వద్దన్నారు. బావ సిమెంటు బ్యారన్. "డ్యూకు గారూ, ఉప్పందుకోండి" అని ఒకటే నవ్వులు. నర్సింగరావు కూడా నవ్వేవాడు. మంచి మనిషే, చదువుకున్నవాడు, పేపరు పూర్తిగా చదివేవాడు. ఆయనకు మాత్రం ఎవరూ బిరుదు పెట్టలేదు. ముందే ఉంది కదా.

ఈసా టౌన్: అద్దం అవతల

పని కోసం నేను ఒక్క స్టోరు మీదే ఆశ పెట్టుకోలేదు. ఈసా టౌన్‌లో మన దేశపు పిల్లలు చదివే పెద్ద బడి ఉందని విని బస్సెక్కాను. గీతలు గీసినట్టు కట్టిన ఊరు అది, ఎటు చూసినా బడులే. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పని ఉంటే చేస్తానని చెబుదామని నా ఉద్దేశం. గేటు దగ్గర ఒక మలయాళీ పెద్దమనిషి నన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, సర్టిఫికెట్లు అడిగాడు. చదివిన పుస్తకాలు చెప్పాను. మర్యాదగా విన్నాడు. డిగ్రీ లేనిదే కుదరదని అంతకన్నా మర్యాదగా చెప్పాడు. పోయేటప్పుడు గ్రంథాలయం అద్దంలోంచి చూడనిచ్చాడు. ఫ్రాన్సు చరిత్రకే ఒక వరుస మొత్తం ఉంది. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. సిగ్గేమీ పడలేదు. తిరుగు బస్సు తప్పిపోయి, దారి తెలియక తప్పు బస్సెక్కి, నయీమ్ చేరేసరికి ఖుబూస్ రొట్టె తప్ప ఏమీ మిగల్లేదు. వేడి ఖుబూస్ కాల్చిన దుకాణం ముందే నిలబడి తింటే కూర అక్కర్లేదని ఆరోజు తెలుసుకున్నాను.

బుసైతీన్: ఒకే పళ్లెం

బావ పనిచేసే ఇల్లు బుసైతీన్‌లో కడుతున్నారు. ముహర్రఖ్ దీవి మీదే, సముద్రం పక్కన. ఒకరోజు బావతో వెళ్లాను. మధ్యాహ్నం ఇంటి యజమాని, తెల్లటి పొడుగు అంగీ తొడుక్కున్న అరబ్బు, కారులో పెద్ద పళ్లెం తెచ్చాడు. మసాలా అన్నం మీద చేపలు పరిచి ఉన్నాయి. ఇసుక మీద చాప వేయించి, మేస్త్రీలను, కూలీలను పిలిచి, తనూ మోకాలు మడిచి కూర్చున్నాడు. అందరూ అదే పళ్లెంలోంచి తిన్నారు. చేప ముల్లు తీసి మెత్తటి ముక్క బావ వైపు నెట్టాడు.

మా వైపు హోటళ్లలో ఇంకా కొందరికి గ్లాసు వేరే పెట్టడం చూసినవాణ్ని నేను.  మరీ పొగడను. పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో పెట్టుకునే దేశమూ ఇదే, నెల తిరిగినా జీతం ఇవ్వని కఫీళ్ల, అంటే వీసా యజమానుల, కథలూ ఇక్కడే విన్నాను. రెండూ నిజమే. కానీ ఆ పళ్లెం కూడా నిజం.

నర్సింగరావు ఆ చాప మీదికి రాలేదు. స్టోరు రేకుల గదిలో తన టిఫిన్ డబ్బా విప్పుకున్నాడు. ఆ డబ్బా బావ కట్టిందే.

కోట దగ్గర ఫ్రెంచివాళ్లు

నేను చూడాలని తపించిపోయిన చోటుకు లింగన్న తీసుకుపోయాడు. సముద్రపు ఒడ్డున పెద్ద మట్టిదిబ్బ, దాని మీద పాత కోట. పోర్చుగీసు కోట అంటారు. దిబ్బ మట్టి కాదు, ఊరి మీద ఊరు, దాని మీద ఇంకో ఊరు, వేల ఏళ్లుగా పేరుకున్న గోడలట. వాటిని చలికాలం వచ్చి తవ్వేది ఫ్రెంచివాళ్లు. మట్టి మోసేది లింగన్నవాళ్లు.

నేను జీవితంలో చూసిన మొదటి ఫ్రెంచి మనిషి ఒక పెద్దావిడ. తలకు గుడ్డ కట్టుకుని, గుంతలో బోర్లా పడుకుని, పెయింటింగు కుంచెలాంటి దానితో ఒక కుండ పెంకు మీది మట్టి దులుపుతోంది. టీ వేళకు పైకొచ్చింది. లింగన్న నన్ను తన హిందీలో పరిచయం చేశాడు. చరిత్ర చదివినవాడని కాస్త ఎక్కువే చెప్పాడు. నా గ్రంథాలయం ఇంగ్లీషు తీసి, లఫయెట్ మార్క్వీసు గురించి అడిగాను. బిరుదులు రద్దయ్యాక ఆయన మళ్లీ మార్క్వీసు అని పెట్టుకోలేదని చదివాను, నిజమేనా అని. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి నన్ను చూసింది. నిజమేనంది. ఆ పేరు ఇంత దూరంలో ఇసుకలో వినబడుతుందని అనుకోలేదంది.

ఇప్పుడు మీ దేశంలో బిరుదులున్నాయా అని అడిగాను. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఒకసారి రద్దు చేశారు, నెపోలియన్ కొత్తవి పుట్టించాడు, రాజులు తిరిగొచ్చి పాతవి నిలబెట్టారు, మళ్లీ పోయాయి. ఇవాళ ఎవరైనా వంశపు బిరుదు పేరుకు తగిలించుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. వాళ్ల అమ్మమ్మ పుట్టింటివాళ్లు బ్యారన్లేనట. ఇంట్లో ఒక వెండి చెంచా మీద ఆ గుర్తు ఇంకా ఉందట.

"మరి మిమ్మల్ని బ్యారన్ ఇంటివాళ్లని పిలుస్తారా?" అన్నాను.

ఆవిడ నవ్వి చెప్పింది. "మేం చెప్పుకోవచ్చు. ఇంకొకరి చేత చెప్పించలేం."

ఆ మాట చెప్పి, తాగిన గ్లాసు తీసుకుపోయి తనే కడుక్కుంది. తరువాత లింగన్న గ్లాసు కడుక్కున్నాడు. ఆ తరువాత నేను. తొట్టి ఒక్కటే, వరుస ఒక్కటే. అక్కడి పని పద్ధతి అంతేనని లింగన్న చెప్పాడు. తిరిగొచ్చే దారంతా నాకు మా గది గంటె కళ్లముందు ఊగుతూనే ఉంది.

చెయ్యనన్న శుక్రవారం

మూడో గురువారం బావ వండాడు, తోమాడు, గంటె కడిగి నా చేతికిచ్చాడు. నా చాపకు కోడు లేదు కదా.

"బావా, నీ వంతు చేస్త. లింగన్నకు జరమొస్తే ఆయన వంతు చేస్త. నేను తింటున్న గనక నా వంతని ఇంకో దినం పెట్టు, అదీ చేస్త. ఆయన వంతు చెయ్య."

"నీ పని ఆయన చేతుల ఉన్నది రాజం."

"ఉండనియ్."

"మీ అక్కకు ఏం చెప్పాలె?"

"నేనే చెప్పుకుంట."

గంటె తీసుకుపోయి నర్సింగరావు మంచం కోడుకు తగిలించాను. ఆయన స్నానానికి పోయి ఉన్నాడు.  వచ్చి చూశాడు. దాన్ని తాకలేదు. తువ్వాల దాని పక్కనే ఆరేసి పేపరు విప్పాడు.

శుక్రవారం పొద్దెక్కింది. కోడి సంచిలోనే ఉంది. పొయ్యి వెలగలేదు. బావ రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ సూర్నారాయణ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఎవరూ అడగకుండానే, ఫ్రాన్సులో విప్లవం వచ్చిన ఏడు ఆగస్టులో జరిగిన ఒక సభ కథ మొదలుపెట్టాను. ప్రభువులు తమంతట తామే లేచి, మా హక్కులు మాకొద్దు అని ఒకరి తరువాత ఒకరు వదిలేసిన సభ. మొదట లేచినవాడు నొవాయ్ అనే వైకౌంటు.

నర్సింగరావు పేపరు కిందికి దించాడు. "రాజం, ఆ వైకౌంటుకు భూములెన్ని?"

నేను అబద్ధమాడను. ఆయన ఇంట్లో చిన్నవాడు, చెప్పుకోదగ్గ భూమి లేదని పుస్తకంలో ఉంది. అదే చెప్పాను.

"లేనోనికి ఇడ్సుడు అల్కగనే ఉంటది." పేపరు మడిచాడు. "మరి పేరు గూడ ఇడ్సినోడు ఎవడన్న ఉన్నడా?"

ఉన్నాడు. ఓర్లియన్స్ డ్యూకు. రాజుకు దగ్గరి చుట్టం. బిరుదు వదిలి, సమానత్వం అని అర్థం వచ్చే మాటనే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు.

"ఆయనకేమైంది?"

"తల తీసిన్రు."

గది మొత్తం నవ్వింది. నర్సింగరావు కూడా. "గట్ల చెప్పు. పేరు పెట్టుకుంటె తప్పు, ఇడిస్తె తల." లేచి చెప్పులు వేసుకుని కిందికి దిగాడు. కొంతసేపటికి హోటలు నుంచి బిర్యానీ పొట్లాలు మోయించుకుని వచ్చాడు. అందరికీ, నాకు కూడా. మంచి బిర్యానీ. అందరూ తిని చేతులు కడుక్కుంటూ, దొర దొరనే అన్నారు. గంటె ఆయన మంచానికే ఊగుతోంది, అన్నం మెతుకు అంటకుండా.

నేను తినలేదు. ఖుబూస్ తెచ్చుకున్నాను. నొవాయ్ వెనకే లేచి బలపరచినవాడు ఎగియోన్ డ్యూకు అని, అతనికి ఫ్రాన్సులోనే లెక్కపెట్టదగ్గ ఆస్తి ఉండేదని నాకు ఆ రొట్టె సగం అయ్యాక గుర్తొచ్చింది. అప్పటికి నర్సింగరావు నిద్రపోతున్నాడు.

ఆ తరువాతి వారం

బావ నాతో మాట్లాడలేదు. శనివారం నుంచి గంటె మామూలుగా తిరిగింది. స్టోరు హెల్పరు చోటుకు ఇంకెవరినో తీసుకున్నారని బుధవారం తెలిసింది. నర్సింగరావు నా గురించి చెడు చెప్పాడని నేననను. చెబుతానన్న మంచి చెప్పలేదు, అంతే. నేను వెళ్లి అడగనూ లేదు. వీసా గడువు శనివారంతో అయిపోతుంది. టిక్కెట్టు ఖాయం చేసుకున్నాను.

మా అక్కకు ఏం తీసుకుపోవాలో కూడా బావ చెప్పలేదు. ఆ గది మీద నాకు కోపం లేదు, బావ మీద ఉంది. ఎవరూ బలవంతం చేయని చోట ఎందుకు మోస్తున్నాడని. సూర్నారాయణ గారు మెట్ల మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ నాకు గడ్డి పెట్టారు.

"మీరు నెల్లాళ్ల సుట్టం. కోపం ఒచ్చింది, గంటె తగిలించీసినారు, విమానం ఎక్కీస్తారు. ఆయనకి నాన్న దగ్గర్నుంచీ ఒచ్చిన అలవాటు. అది మంచం కోడు మీంచి తియ్యడం కాదండి, ఒంట్లోంచి తియ్యాలి. కాస్త టైమివ్వండి."

బావ నాన్న ఆ గడీలో జీతగాడు. నీళ్ల గోలెం నింపి, గొడ్లు కడిగి, దొర పిల్లలను భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడు. ఆ పిల్లల్లో ఒకడు నర్సింగరావు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆలోచించలేదు.

గురువారం బావ వంతు. పప్పుచారు, చేప వేపుడు. అందరూ తిన్నారు. బావ గిన్నెలు తోమాడు. గంటెను ఎప్పటికన్నా ఎక్కువసేపు కడిగాడు. తడి చేత్తోనే పట్టుకుని నర్సింగరావు మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన పడుకుని లేడు, కూర్చునే ఉన్నాడు. ఎదురుగానే.

"నర్సింగరావు, రేపు నీ వంతు."

దొర అనలేదు. ఒరే అనలేదు. గొంతు పెంచలేదు. గంటె కోడుకు తగిలించి తన మంచం మీదికి వచ్చి అటు తిరిగి పడుకున్నాడు.  లింగన్న ఏదో జోకు వేయబోయి మానుకున్నాడు.

శుక్రవారం పొద్దున అందరూ లేచారు గాని ఎవరూ మంచాలు దిగలేదు. నర్సింగరావు గంటెను చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. బిర్యానీ తెస్తాడేమో అనుకున్నాను. బయటికి పోయే చొక్కా తొడుక్కుంటే అదే అనుకోవాలి. చొక్కా తొడుక్కోలేదు. ఒంటి మీద ఉన్నది కూడా విప్పి బనియనుతో లేచాడు. గంటె తీసుకున్నాడు. పొయ్యి దగ్గరదాకా పోయి ఆగాడు.

"గంగారాం," అన్నాడు. ఆ పేరు పూర్తిగా ఆ నోట రావడం బావ ఎన్నడూ వినలేదట. "గీన్ని బియ్యానికి నీళ్లెన్ని పొయ్యాలె?"

బావ పడుకునే ఉన్నాడు. గోడవైపు చూస్తూనే జవాబిచ్చాడు.

"ఒకటికి రెండు. మంట తక్కువ పెట్టు."

మంట తక్కువ పెట్టలేదు. అన్నం అడుగంటింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఏడుగురూ, ఏడుగురితో పాటు నేనూ, ఆ మాడన్నం తిన్నాం. ఎవరూ వంక పెట్టలేదు, మొదటి వంతు అందరిదీ అలాగే ఉంటుంది. తిన్నాక ఆయన గిన్నెలు తోమాడు, గంటె కడిగాడు. శనివారం వంతు లింగన్నది. లింగన్న మంచానికి తగిలించాడు. మర్నాడు నేను విమానమెక్కాను. ఎక్కేముందు బావ తన సిమెంటు కోటు నాకే ఉంచుకొమ్మన్నాడు.

కృతజ్ఞతలు

వంట చెయ్యనని తిరిగొచ్చాడనేవాళ్లకు ఇదీ నా జవాబు. ఇంకెవరైనా అడిగితే ఈ కాగితాలు చూపిస్తాను, పంక్చరు డబ్బులు వేరే.

గదిలో చోటిచ్చి, నా మీద అలిగి, చివరికి నేను చెయ్యలేని పని చేసిన గంగారాం గారికి నా నమస్కారం. తన కూలి ఒకపూట పోగొట్టుకుని కోట చూపించిన లింగన్న గారికి, నాకు గడ్డి పెట్టిన సూర్నారాయణ గారికి, పేరు అడగడం మరిచిపోయిన ఆ ఫ్రెంచి పెద్దావిడ గారికి, అద్దంలోంచి పుస్తకాలు చూడనిచ్చిన మలయాళీ పెద్దమనిషి గారికి, ఖర్జూరాలిచ్చిన టాక్సీ ముసలాయన గారికి. అందరికీ ఒకటే గారు పెట్టాను. అచ్చువేసేవాళ్లు ఎవరికీ ఎక్కువ తక్కువ చెయ్యొద్దని మనవి.

చివరగా, మాడినదే అయినా తన చేత్తో వండి, అదే గంటెతో నా పళ్లెంలో అన్నం పెట్టిన నర్సింగరావు గారికి.

మెట్‌పల్లి
రాజం, సైకిల్ టాక్సీ దుకాణం